తార్నాక ఎలుకలు, పాన్‌గల్ గటక

ఆ ఎలుకకు కడుపు నిండిందన్న కబురు అందదు. పక్క పంజరంలో దాని తోబుట్టువు నాలుగు మేత బిళ్లలు కొరికి మూలకు పోయి ముడుచుకుంటుంది. ఇది మాత్రం గిన్నె దగ్గర్నుంచి కదలదు. పుట్టి ఐదారు వారాలు తిరిగేసరికి మెడా నడుమూ తేడా తెలియకుండా గుండ్రంగా తయారవుతుంది. దానికి పిల్లలు పుట్టవు. కళ్లలో తొందరగా శుక్లాలు కడతాయి, ఆయుష్షూ తక్కువే. హైదరాబాద్ తార్నాకలో, ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో పుట్టిన జాతి ఇది. పేరు డబ్ల్యూఎన్ఐఎన్ ఓబీ. స్థూలకాయం మీద ఎలుకలతో పనిచేసే పరిశోధకులకు ఈ పేరు కొత్త కాదు. తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్లలో ఎంతమంది విన్నారో చెప్పలేను.

మాది పాన్‌గల్. పాలమూరు వైపు, వనపర్తి జిల్లాలో, గుట్ట మీద పాత కోట ఉన్న ఊరు. బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా ఈ కోటను రెండేళ్లు ముట్టడించాడనీ, చివరకు దండులో రోగం పుట్టి మనుషులూ గుర్రాలూ కూలిపోయాయనీ ఫెరిష్తా రాశాడు. ఆ పానగల్లు మీది కాదు, నల్లగొండ దగ్గరిది అనేవాళ్లూ ఉన్నారు. ఆ తగాదా ఇప్పుడొద్దు. మా ఊళ్లో ఈ మధ్య ఎవరినైనా కూలగొడుతున్నది గుర్రాల మీద రాలేదు. గూట్లో అవ్వ జొన్నలు కొలిచే సోల ఉండే చోట ఇప్పుడు షుగరు గోలీల పట్టీలు ఉంటున్నాయి. మా ఇంట్లోనే కాదు, పక్కింట్లోనూ, ఎదురింట్లోనూ. "నీకు ఎంతుంది?" అంటే వెనకటికి ఎన్ని ఎకరాలని అర్థం. ఇప్పుడు పరగడుపున ఎంత, తిన్నాక ఎంత అని.

జొన్న గటక తిని, అంబలి తాగి, బొంబాయి దాకా తట్ట మోయడానికి పోయిన పాలమూరు మనుషులకు ఈ రోగం ఎట్లా వచ్చింది? తిండి ఎక్కువైనవాళ్ల జబ్బు, తిండికి లేని జిల్లాకు ఎందుకు వచ్చింది? జవాబు కోసం వెతుకుతూ పోతే, పాన్‌గల్ నుంచి తోవ తార్నాకకే తీసింది. ఎందుకంటే ఆ సంస్థ మన కంచంలోకి తొంగిచూడటం మొదలుపెట్టి నూరేళ్లు దాటింది.

ఒక్క గదితో మొదలు

1918లో తమిళనాడు కొండల మీద, కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక గది. అందులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు. పని పేరు 'బెరిబెరి విచారణ'. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె అలిసి మనుషులు చనిపోయే ఆ జబ్బు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో, ముఖ్యంగా తెలుగువాళ్ల ఉత్తర సర్కారు జిల్లాల్లో పాతుకుపోయి ఉండేది. మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేచోట వచ్చేది. ఉప్పుడు బియ్యం తినేచోట అంతగా రాదు. తవుడుతోపాటు థయమిన్ అనే విటమిన్ పశువుల కుడితిలోకి పోతుండేది. దంపుళ్ల చోట మర వచ్చి ఆడవాళ్ల రెక్కలకు విశ్రాంతి ఇచ్చింది. బియ్యానికి తెలుపు ఇచ్చి, తినేవాళ్లకు జబ్బు అంటించింది.

మెక్‌కారిసన్ ఎలుకలకు దేశంలోని తలో ప్రాంతం వంట పెట్టి చూశాడు. ఒక గుంపుకు పంజాబు సిక్కులు తినే గోధుమ రొట్టెలు, పాలు, వెన్న, పప్పు, కూరలు. ఇంకో గుంపుకు మద్రాసు వైపు తెల్లన్నం. రొట్టెల ఎలుకలు ఏపుగా పెరిగాయి, అన్నం ఎలుకలు గిడసబారాయి. గోధుమ గొప్పదా, పక్కనున్న పాలూ పప్పూ గొప్పవా అన్నది వేరే చర్చ. నన్నడిగితే పాలే. ఆ గది 1928 నాటికి పోషకాహార పరిశోధనాలయాలుగా ఎదిగింది. 1958లో ఎలుకలతో సహా కూనూరు కొండ దిగి హైదరాబాద్ చేరింది. 1969లో ఇప్పుడున్న పేరు వచ్చింది. ఇక్కడి విస్టార్ ఎలుకల వంశం 1920 నుంచి తెగకుండా వస్తోంది. మా ఊళ్లో నాలుగు తరాల వెనక ఎవరి పేరు ఏమిటో చెప్పగలిగిన ఇల్లు ఒకటో రెండో ఉంటాయి. ఆ ఎలుకలకు మాత్రం తల్లిదండ్రుల లెక్క, పుట్టిన తేదీల లెక్క రిజిస్టర్లలో ఉంది.

జొన్న తినేవాళ్ల మెడలో మచ్చ

హైదరాబాద్ వచ్చాక ఆ సంస్థకు కొత్త జబ్బు ఎదురైంది. దక్కన్ పల్లెల నుంచి ఆసుపత్రులకు వచ్చే కూలీల్లో కొందరికి ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి, పొలుసులు లేచి, మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ ఉండేది. విరేచనాలు. ముదిరితే మతి తప్పడం. అది పెల్లాగ్రా. అమెరికాలో, యూరప్‌లో మొక్కజొన్న మీదే బతికిన పేదలకు వచ్చిన జబ్బు. నియాసిన్ అనే విటమిన్ చాలకపోతే వస్తుంది. మరి మొక్కజొన్న తినని మనవాళ్లకు ఎందుకు వచ్చినట్టు? సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక ఆలోచన ముందుకు పెట్టారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది శరీరం నియాసిన్ తయారుచేసుకునే దారికి అడ్డుపడుతుందని. ఆ వాదం మీద తర్వాత చాలా ఏళ్లు చర్చ నడిచింది. ఒక సంగతి మీద మాత్రం తగవు లేదు. పొద్దున గటక, మధ్యాహ్నం రొట్టె, రాత్రి మళ్లీ రొట్టె, పక్కన ఉప్పూ కారం తప్ప ఇంకేమీ లేని కంచానికే ఆ జబ్బు వచ్చేది. జొన్న పాపం కాదది, ఒంటరి జొన్న పాపం.

ఇది ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, ఇప్పుడు పట్నంలో జొన్నరొట్టె బండి ముందు కార్లు ఆగుతున్నాయి. సిరిధాన్యాల పేరు మీద సభలు, యాప్‌లు, చుక్కల్లో కిలో ధర. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. తాతలు జొన్నలు తిని నూరేళ్లు బతికారని వేదిక మీద చెప్పే పెద్దమనిషి పెల్లాగ్రా వార్డు చూసి ఉండడు. మా అవ్వ చూసిందో లేదో నాకు తెలియదు గానీ, జొన్నరొట్టె మీద ఆమెకు ఏ మమకారమూ ఉండేది కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన రోజులను మాత్రం పండుగలా చెప్పేది. తెల్లన్నం అంటే అప్పటిదాకా దసరాకో, చుట్టాలొచ్చినప్పుడో. అది రోజూ ఇంట్లో ఉడకడం మొదలైంది. జొన్న చేలు తగ్గాయి, పెల్లాగ్రా కూడా తగ్గింది. తర్వాత కృష్ణ నీళ్లు కల్వకుర్తి ఎత్తిపోతలతో మా వైపు ఎక్కి, కంది, జొన్న వేసిన చోట వరి మడులు వచ్చాయి. 2025 ఉగాదికి రేషన్ కార్డు మీద సన్నబియ్యం కూడా వచ్చాయి. మంచిదే, దొడ్డుబియ్యం అమ్ముకుని సన్నబియ్యం కొనుక్కునే తిప్పలు తప్పాయి. కానీ మెక్‌కారిసన్ ఆ కూనూరు గదిలో దేని మీద అనుమానపడ్డాడో, ఆ తెల్లటి మర బియ్యమే ఇప్పుడు కంచంలో మూడు పూటలూ ఒంటరిగా కూర్చుంది. మొన్న ఒంటరి జొన్న, నేడు ఒంటరి బియ్యం.

తేడాగా పుట్టిన పిల్లలు

1990లలో సంస్థలోని ప్రయోగశాల జంతువుల కేంద్రంలో, ఆ పాత విస్టార్ వంశంలో కొన్ని ఎలుకలు ఎవరూ ఏమీ చేయకుండానే లావుగా పుట్టుకొచ్చాయి. మందు పెట్టలేదు, జన్యువులు మార్చలేదు, నెయ్యి పోయలేదు. తోబుట్టువులు తిన్న మేతే. వేలాది ఎలుకలు ఉండేచోట ఒక పిల్ల నాలుగు గ్రాములు ఎక్కువ తూగితే పట్టించుకోకుండా వదిలేయడం చాలా తేలిక. అక్కడ బాధ్యత చూస్తున్న ఎన్.వి. గిరిధరన్, ఆయనతో పనిచేసిన ఎన్. హరిశంకర్, ఎం. సత్యవాణి వదిలేయలేదు. లావు పిల్లల తల్లిదండ్రులను విడిగా పెట్టి, వాటినే కలిపి, ఏ ఈతలో ఎన్ని లావువి, ఎన్ని మామూలువి అని తరాల కొద్దీ లెక్క రాశారు. 1996లో స్థూలకాయానికి కొత్త ఎలుక నమూనా దొరికిందని లోకానికి చెప్పారు. అమెరికాలో జుకర్ దంపతులు 1961లో గుర్తించిన లావు ఎలుకకు, ముప్పై అయిదేళ్ల తర్వాత, తార్నాక నుంచి ఒక జోడు దొరికింది.

ఈ లావు ఎలుకలకు సంతానం ఉండదు కాబట్టి, వంశం నడిపేది వాటి తోబుట్టువులే. ఆ లక్షణాన్ని లోపల మోసే ఎలుకలను జత కడితే ఒక్కో ఈతలో మూడు రకాలు పుడతాయి: సన్నవి, మోసేవి, లావువి. జన్యు లెక్క చూస్తూ పోతే ఐదో క్రోమోజోమ్ మీద, లెప్టిన్ గ్రాహక జన్యువు పరిసరాల్లో చిక్కుముడి ఉందని కె. రాజేందర్ రావు తదితరుల పరిశోధనలో తేలింది. లెప్టిన్ అంటే కొవ్వు కణాలు మెదడుకు పంపే చీటీ. 'సరుకు చాలు, ఇక తినకు' అని అందులో రాసి ఉంటుంది. 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దాని జన్యువును కనిపెట్టింది. తార్నాక ఎలుక ఒంట్లో ఆ చీటీలకు కొదవ లేదు, కుప్పలుగా ఉంటాయి. చదివే వాళ్లే లేరు.

ఇంకో సంగతి నన్ను చాలాసేపు పట్టుకుంది. అంత లావున్నా డబ్ల్యూఎన్ఐఎన్ ఓబీ ఎలుక రక్తంలో పరగడుపు షుగరు మామూలుగానే ఉంటుంది! ఇన్సులిన్ మాత్రం విపరీతం. అంటే క్లోమం రాత్రింబవళ్లు ఓవర్‌టైమ్ చేసి షుగరును అదుపులో పెడుతోంది. కాగితం మీద 'నార్మల్'. తర్వాత అదే కేంద్రంలో బయటపడిన రెండో జాతి, జీఆర్-ఓబీ, ఆ అదుపు కూడా తప్పింది. దానికి గ్లూకోజ్ తాగిస్తే షుగరు ఎక్కి త్వరగా దిగదు. మొదటి ఎలుక నుంచి రెండో ఎలుక దాకా ఉన్న ఆ ఎడంలోనే మన దేశంలో కోట్లమంది ఉన్నారు. 2008 నుంచి 2020 దాకా రాష్ట్రాలన్నీ తిరిగి చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క: మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు, దాని గుమ్మంలో నిలబడ్డవాళ్లు 13.6 కోట్లు. "నాకేం లేదు, మొన్ననే చూపించుకున్న, నార్మలే" అని అరుగు మీద కూర్చుని చెప్పే మనిషిని చూస్తే నాకు ఆ మొదటి ఎలుకే గుర్తొస్తుంది. ఆయనతో ఆ మాట అనలేదు లెండి.

తూకమే పని

ల్యాబ్ అంటే సినిమాల్లో రంగు నీళ్ల గాజు బుడ్లు. నిజానికి ఇలాంటి చోట రోజంతా జరిగేది తూకం. మేత ఎంత పెట్టారు, తెల్లారి ఎంత మిగిలింది, కింద పొట్టు ఎంత రాలింది, నీళ్లు ఎంత తాగింది, ఒళ్లు ఎన్ని గ్రాములైంది. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి, గదిలో వేడి ఇరవై రెండు డిగ్రీల దగ్గర. కరెంటు పోయి ఆ గది ఒక రోజు ఉడికిపోతే మూడు నెలల లెక్క అనుమానంలో పడుతుంది. దసరా అయినా, బంద్ అయినా, ఎలుకకు సెలవు లేదు కాబట్టి మేత మార్చే మనిషికీ లేదు. పరిశోధన పత్రంలో పేరు పడేది సైంటిస్టులకు. పంజరం కడిగి, పొట్టు మార్చి, ఏ ఎలుక నీరసంగా ఉందో అందరికన్నా ముందు కనిపెట్టే అటెండెంటుకు చివర్లో కృతజ్ఞతల్లో చోటు దొరికితే దొరికినట్టు. లావు ఎలుకల జాతి బయటపడటంలో అలా రోజూ చూసే కళ్ల పాత్ర ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

రీసెర్చ్ స్కాలర్ల రోజు ఇంకోలా ఉంటుంది. రాత్రి ఎలుకల ముందు నుంచి మేత తీసేసి పోవాలి. తెల్లారి వచ్చి తోక కొస నుంచి ఒక బొట్టు నెత్తురు తీయాలి. గొట్టంతో గ్లూకోజ్ నీళ్లు పట్టి, లెక్కపెట్టిన నిమిషాలకల్లా మళ్లీ మళ్లీ తీయాలి. ఒక పూట పరీక్షకు ఇరవై ఎలుకలుంటే చాయ్ తాగే సందు ఉండదు. నెత్తురు సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి, పైన తేలిన పసుపు నీటిని మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. తర్వాత తొంభై ఆరు గుంటల ప్లేటులో ఇన్సులిన్ కొలవాలి. పరగడుపు ఇన్సులిన్‌ను పరగడుపు గ్లూకోజ్‌తో గుణించి 405తో భాగిస్తే వచ్చే అంకె మీద ఒక పిల్లదో పిల్లవాడిదో థీసిస్ ఆధారపడి ఉంటుంది. జూనియర్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అది నెలనెలా ఠంచనుగా పడదన్న మాట దేశంలో ఏ క్యాంపస్ క్యాంటీన్‌లో కూర్చున్నా వినిపిస్తుంది. తిండి మీద పరిశోధన చేసేవాళ్లు మెస్ బిల్లు బాకీ పడటం దేశానికి అలవాటైపోయింది.

ప్రయోగం అయిపోయాక ఎలుకను చంపి అవయవాలు తీస్తారు. దాన్ని 'సాక్రిఫైస్' అంటారు, ప్రపంచమంతా అదే మాట. ఎన్ని ఎలుకలు వాడాలి, నొప్పి తెలియకుండా ఎలా చేయాలి అని జంతు నైతిక సంఘం ముందే కాగితం మీద ఒప్పుకోవాలి. చట్టం ఉంది. అయినా ఎనిమిది వారాలు రోజూ చేత్తో ఎత్తి తూచిన ప్రాణిని ఆ రోజు ఎత్తడం కొత్తవాళ్లకు తేలిక కాదు. ఎంత కాగితం ఉన్నా దాన్ని బలి అనుకోకుండా ఉండలేం. మైసమ్మ ముందు కోడిని కోసే ఊరివాణ్ణి, ఆ మాట నాకు పరాయిది కాదు.

షుగరు లేని ఎలుకకు షుగరు తెప్పించాలంటే స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కిస్తారు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి దొరికింది అది. క్లోమంలో ఇన్సులిన్ చేసే బీటా కణాలనే వెతికి కాలుస్తుంది. అలాంటి ఎలుకల మీదే జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం పసుపును పరీక్షించింది. 2005లో అచ్చయిన ఫలితం ఇదీ: మేతలో కొద్దిగా పసుపు, దానిలోని కర్క్యుమిన్ కలిపితే మధుమేహ ఎలుకల కళ్లలో శుక్లాలు ఆలస్యమయ్యాయి. రక్తంలో షుగరు మాత్రం తగ్గలేదు. రెండో వాక్యం మొదటిదాని పక్కనే అచ్చయి ఉంది. మన వాట్సాప్‌లోకి వచ్చేసరికి రెండోది రాలిపోయి, మొదటిది 'పసుపుతో షుగర్ మాయం' అయింది. గోలీలు మానేసి పసుపు పాలు తాగిన మనుషులను మా వీధిలోనే ఎరుగుదును. వాళ్లలో ఒకాయన కాలి వేలు పోగొట్టుకున్నాడు. ల్యాబ్‌లో అంత జాగ్రత్తగా రాసిన మాట ఊరికి చేరేలోపు ఎన్ని చేతుల్లో నలుగుతుందో!

బక్క మనిషి లోపలి కొవ్వు

మళ్లీ మా పాలమూరు ప్రశ్నకు వస్తాను. లావు లేనివాళ్లకు ఎందుకు?

2004లో లాన్సెట్‌లో ఒక ఫొటో వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ సి.ఎస్. యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, బీఎంఐ, ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఒకే తూకం, లోపలి సరుకు వేరు. మనవాళ్లు పుట్టేటప్పుడే బరువు తక్కువగా, కొవ్వు పాలు ఎక్కువగా పుడుతున్నారన్నది యాజ్ఞిక్ చాలాకాలంగా చెబుతున్న మాట.

దీనికి ల్యాబ్ రుజువులు తెలుగు గడ్డ మీదా వచ్చాయి. తార్నాకలో ఎం. రఘునాథ్ బృందం తల్లి ఎలుకలకు మెగ్నీషియం, క్రోమియం లాంటి ఖనిజాలు, కొన్ని విటమిన్లు తగ్గించి మేత పెట్టింది. కడుపు నిండా తిండి ఉంది, అందులో సారం లేదు. వాటికి పుట్టిన పిల్లల్లో పెద్దయ్యాక కొవ్వు పాలు పెరిగింది. కొన్ని మార్పులు తర్వాత మంచి మేత పెట్టినా పూర్తిగా సర్దుకోలేదు. బియ్యం, ఉప్పు, కారంతో కడుపు నింపి సారం ఇవ్వని కంచం లాంటిదే అది. అక్కడికి దగ్గర్లోనే, హబ్సిగూడలోని సీసీఎంబీలో గిరిరాజ్ రతన్ చందక్ ఇంకో బక్క మనుషుల మధుమేహాన్ని పట్టుకున్నాడు. క్లోమంలో రాళ్లు కట్టి వచ్చేది. కర్రపెండలం తినడం వల్ల వస్తుందని పూర్వం అనుకునేవారు. ఆ రోగుల్లో స్పింక్1 అనే జన్యువులో మార్పులున్నాయని ఆయన, సహచరులు 2002లో చూపించారు.

యాజ్ఞిక్, ఆనంద్ హర్దికర్ తదితరులు 2015లో అచ్చేసిన ప్రయోగం ఇంకా దూరం పోయింది. ఎలుకలను యాభై తరాలపాటు అరకొర తిండితో పెంచారు. మనుషుల లెక్కలో వెయ్యేళ్లు దాటుతుంది. తర్వాత రెండు తరాలకు కావలసినంత తిండి పెట్టారు. ఒళ్లు బాగుపడలేదు సరికదా, మధుమేహం వైపు మొగ్గే గుణం అలాగే నిలిచిపోయింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1876-78 నాటి కరువు, ఆ తర్వాతి కరువులు, బొంబాయి బస్సులు, అన్నీ మా క్లోమాల్లో లెక్క రాసుకుని కూర్చున్నాయా అనిపించింది. ఎలుకకూ మనిషికీ మధ్య చాలా దూరం ఉంది, నిజమే. కానీ ఆ దూరాన్ని కొంత తగ్గించిన అధ్యయనం మన పల్లెల్లోనే జరిగింది.

1987-90లో హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లు. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న-సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం ఇంకా రాలేదు. అప్పటి పని పిల్లలు పుట్టే బరువు చూడటం వరకే. కానీ ఆ రిజిస్టర్లు పోలేదు. 2003-05లో తార్నాక వాళ్లు, లండన్‌కు చెందిన సంజయ్ కిన్రా బృందం కలిసి ఆ పిల్లలను మళ్లీ వెతికారు. అప్పటికి వాళ్లకు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం ఐదో వంతు తక్కువ. రక్తనాళాలూ మెత్తగా ఉన్నాయి. కడుపులో ఉన్నప్పుడు తిన్న ఒక గిన్నె ఉప్మా పదిహేనేళ్ల తర్వాత నెత్తురులో కనిపించింది.

ఈ పనిలో నాకు ఇష్టమైనవాళ్లు సైంటిస్టులు కాదు. ఇంటింటికీ పోయిన ఫీల్డ్ మనుషులు. చదువుకు పట్నం పోయిన పిల్లవాణ్ణి, పదహారేళ్లకే పెళ్లయి వేరే ఊరికి పోయిన పిల్లను, ఇంటి పేరు పట్టుకుని వెతికి, పరగడుపున తీసుకొచ్చి, నెత్తురు ఇప్పించిన వాళ్లు. పరగడుపున రమ్మంటే మన పల్లెలో ఎంత తిప్పలో తెలిసిందే. చాయ్ తాగి వచ్చి, చాయ్ తిండి కాదంటారు. సంస్థ తరఫున 1972 నుంచి రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగిన పోషకాహార పర్యవేక్షణ విభాగం వాళ్లదీ ఇదే బతుకు. తూకం, గిన్నెలు పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని, నిన్న ఏం వండారు, ఎంత వండారు, ఎవరెంత తిన్నారు అని అడగడం. మగవాళ్ల వాటా అడిగితే జవాబు టకీమని వస్తుంది. తన వాటా అడిగితే ఆ ఇంటి ఇల్లాలు నవ్వి ఊరుకుంటుంది. 'మిగిలింది' అనే గిన్నెకు తూకం రాళ్లు లేవు. ఆ విభాగం 2015లో మూతపడింది. మూసేసిన వాళ్ల లెక్క ఏమిటో గానీ, నా లెక్కలో అది పొరపాటు.

కంచం బొమ్మ

2024లో సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు తెచ్చింది, మొత్తం పదిహేడు. దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతం తిండి సరిగా లేకనే అంది. పెద్దమనిషికి రోజుకు ఒక కంచం బొమ్మ కూడా గీసి ఇచ్చింది. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పండ్లు 100, పల్లీల్లాంటి గింజలు 35, పాలు 300 మిల్లీలీటర్లు. మొత్తం శక్తిలో చిరుధాన్యాలతో సహా ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది.

ఆ బొమ్మను ఒక ఆదివారం మా ఇంట్లో గోడకు అంటించి చూశాను. బియ్యం విషయంలో మేము బొమ్మను ఎప్పుడో దాటేశాం, రెండింతలు. పప్పు దగ్గర సగం కూడా లేం. నాలుగు వందల గ్రాముల కూరగాయలంటే నలుగురు ఉన్న ఇంటికి రోజుకు కిలోన్నర పైన. సంతలో టమాట కిలో ఇరవై ఉన్న రోజు సరే, ఎనభై ఉన్న రోజు? సైన్సులో తప్పు లేదు. కంచం బొమ్మ గీసిన చేతికీ, రేషన్ కోటా రాసిన చేతికీ పరిచయం లేదు, అదీ ఇబ్బంది. ఒకరు పప్పు తినమంటారు, ఇంకొకరు బియ్యం ఇస్తారు. మా కంది చేనులో వరి వేయించిన నీళ్లు ఇద్దరినీ అడగకుండానే వచ్చాయి.

మొన్న ఊరికి పోయినప్పుడు ఆశా అక్క ఇంటికి వచ్చింది. ముప్పై దాటిన అందరికీ ఫారం నింపుతారు: వయసు, పొగ, మందు, ఇంట్లో ఎవరికన్నా షుగరు ఉందా, నడుము చుట్టుకొలత ఎంత. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. మొత్తం నాలుగు దాటితే వాళ్లను ముందుగా పరీక్షకు పంపాలి. మా చిన్నవ్వ ఎముకల గూడు లాంటి మనిషి. గటక కాలం నుంచి సన్నబియ్యం కాలం దాకా చూసింది. చేతులు పుల్లలు, బుగ్గలు లోతుకు పోయాయి.

"నాకెందుకే బిడ్డా టేపు, నడుమే లేదు నాకు" అంది.

"చీర మీదికెళ్లి కొలిస్తే లెక్క తప్పుతది అవ్వా, జర కొంగు జరుపు" అంది ఆశా అక్క, చుట్టూ టేపు తిప్పుతూ.

బక్క పక్కటెముకల కింద, బొడ్డు చుట్టూ చిన్న గుండ్రటి పొట్ట ఉంది. నేను ఇన్నేళ్లూ చూడలేదు. టేపు మీద అంకె 84. ఆశా అక్క ఫారంలో ఆ గడి నింపి, పెన్ను చెవి వెనక పెట్టుకుని, ఎదురింటి గుమ్మం ఎక్కింది.